టైమే లేటు

గుంతకల్లు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో
ముప్పై ఒక్క ఏండ్ల తర్వాత
మళ్లీ ఎంక్వైరీ కౌంటర్ లేచి నిలబడింది.
పాత ప్లైవుడ్డు కాదు,
దాన్ని ఎప్పుడో శకుంతలాబాయి పావురాల గూటికి తలుపు చేసుకుంది.
ఇది కొత్తది, రంగు ఇంకా ఆరలేదు.
'విచారణ' అని రాసే పిల్లోడు ణ బదులు న రాసినాడు.
ఉండనీలే అన్నాను.
అప్పుడు మేమూ అట్లనే రాసినాము.

ఆ కాలంలో గార్డు మెల్విన్ పికార్డో
లండన్ నుంచి చెల్లెలు పంపిన వీడియో క్యాసెట్లు తెచ్చేవాడు.
ఎవరో తెల్లోళ్లు. ఒకే గది, ఒకే సోఫా.
ఒకడు తలుపు తీస్తే ఇంకొకడు టీ ఒలకబోసుకునేవాడు.
మాకు ఇంగ్లీషు పావలా వంతు రాదు,
ఐనా కడుపు పట్టుకొని నవ్వినాము.
"మాట తెలీకుండానే ఇంత నవ్వొస్తే
తెలిసిన మాటకు ఎంత రావల్ల?" అన్నాడు
పార్సిలాఫీసు ఖాజాపీర్.
ఆ రాత్రే వేబిల్లుల వెనక మొదటి ఎపిసోడు రాసినాడు.

సోఫాకు దుడ్లు లేవు. కాబట్టి కౌంటరు.
దాని వెనక ఓబులపతి,
ఏ బండి సంగతీ తెలియని విచారణ గుమాస్తా.
ఎవరొచ్చి అడిగినా కళ్లద్దాలు తుడుచుకొని,
గోడ గడియారం వైపు చూసి,
"బండి కరెక్టేనప్పా, టైమే లేటు" అనేవాడు.
ఆడోళ్లనైనా అప్పా అనే.
ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు, ఊరి కేబుల్లో,
ఇరవై రెండు వారాలు.
ఆ అరగంట ఉగ్గాని బండి కాడ ఈగలు కూడా వాలేవి కాదు.
నిజం బండి గంటలకొద్దీ రాకపోయినా
ప్లాట్‌ఫారం మీద జనం
ఆ మాటే అనుకొని నవ్వుకునేవాళ్లు.

నాది సిగ్నల్ డిపార్ట్‌మెంటు, నాకు దక్కింది శబ్దం.
ముప్పై మందిని బెంచీల మీద కూర్చోబెట్టి
నవ్వును క్యాసెట్లో పట్టేది నా పని.
దాంట్లో అందరూ ఉండారు.
ఘాటు ఎక్కే గూడ్సు మాదిరి ఆయాసపడే పికార్డో,
వెక్కిళ్లు పెట్టే టీసీ వెంకోబరావు,
వరలక్ష్మమ్మ ఒళ్లో బెదిరి ఏడ్చే బిడ్డ,
అందరూ ఆపినాక కూడా ఒక్కడే మిగిలిపోయే ఖాజాపీర్,
తన జోకుకు తానే.

ఇప్పుడు ఆయన మనమరాలు పర్వీన్ వచ్చింది.
ట్రంకులో వేబిల్లులు దొరికినాయంట.
"తొమ్మిది నిమిషాలు చాలు తాతా, ఫోన్లో చూస్తారు."
"ఆ ఫోన్లోనే బండి యాడుండేదీ కనపడుతుంది కదమ్మా,
ఎంక్వైరీ కాడికి ఎవరొస్తారు?"
ఆ పిల్ల గోరు కొరికింది.
"చార్జింగ్ అయిపోయినోళ్లు" అనింది.
ఖాజాపీర్ ముక్కు. ఖాజాపీర్ జవాబు.

ఓబులపతికి మోకాలు స్టీలుది, పళ్లు కొన్నవి.
ఆ పళ్లు సకారం కాడ ఈల వేస్తాయి.
స్టూలు ఎక్కించడానికి ఇద్దరం పట్టినాము.
కెమెరా పట్టిన బద్రిగానికి ఇరవై కూడా లేవు,
ఈ సీరియల్ పేరు నిన్ననే విన్నాడు.
శకుంతలాబాయి మూటతో వచ్చి బండి సంగతి అడిగింది.
ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు.
గోడ వైపు చూసినాడు.
గడియారం తగిలించడం మర్చిపోయినాము,
ఐనా చూసినాడు.
"బండి కరెక్టేనప్పా, టైమే లేటు."

అని ఆగినాడు.
ఆగినోడు ఆగినట్టే ఉండాడు.
ఒకటి. రెండు. మూడు.
పర్వీన్ నా వైపు చూసింది, మర్చిపోయినాడా అని.
మర్చిపోలేదు.
అది నవ్వుకు వదిలిన జాగా.
ముప్పై మంది పట్టేంత జాగా.
మొగంలో ఒక్క నరం కదలనీయకుండా
దాన్ని పట్టుకొని కూర్చున్నాడు.

నా ఒళ్లో టేప్‌రికార్డరు ఉంది.
రాత్రంతా పెన్సిల్‌తో తిప్పి, బూజు తుడిచి తెచ్చినా.
బటన్ మీద వేలుంది.
నొక్కితే పికార్డో లేచొస్తాడు,
వెంకోబరావు వెక్కుతాడు,
ఈ పొద్దు నంద్యాలలో ఇంజన్ నడిపే మనిషి
అమ్మ ఒళ్లో మళ్లీ ఏడుస్తాడు.
నొక్కలేదు.
ఈ జోకు వాళ్లు విన్నదే కదా అనిపించింది.

అప్పుడు కెమెరా వెనకాల
ముక్కుతో ఒక చీదుడు.
బద్రిగాడు. నోరు మూసుకున్నా ఆగలేదు,
కెమెరా గడగడ వణికింది.
"సారీ అక్కా, ఇంకోసారి తీద్దాం."

"సాల్లే, ఉండనీ" అన్నాడు ఓబులపతి.
పళ్లు ఈల వేసినాయి.
శకుంతలాబాయి మూటను ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది.
తర్వాత మాట ఆమెది.