రెండు డబ్బాల ఎర్రలు

తెల్లారగట్ల కాలవ పక్కన పార దించితే
ఎర్రలు మెలికలు తిరగతా పైకొస్తాయి.
అడుగున తేమ మట్టి, పైన జిల్లేడాకు.
డాల్డా డబ్బా మీదిచెరువు క్లబ్బోళ్లకి,
పెయింటు డబ్బా కిందిచెరువు క్లబ్బోళ్లకి.
ఒకటే మట్టి, ఒకటే పార, పిడికెడు పది రూపాయలు.
అయినా మాల్యాద్రి సారు డబ్బాలోకి తొంగి చూస్తాడు:
"ఏం పోలమ్మా, ఆళ్లకమ్మంగా మిగిలినయ్యా ఇయ్యి?"
"కాదు సార్, మీయి వేరే" అంటాను.
ఎర్ర ఏమీ అనదు.

సారు ఆత్మకూరు హైస్కూల్లో డ్రిల్లు మాస్టరు చేసి దిగిపోయినోడు.
మెళ్లో ఈల ఇంకా తియ్యలా.
మీదిచెరువు కట్ట మీద నీలం బోర్డు పాతించాడు:
సభ్యులు కానివారు గాలం వేయరాదు.
నా మనవడు కూడబలుక్కొని చదివి
"అవ్వా, మనం సభ్యులమా?" అన్నాడు.
"మనం ఎర్రలం రా" అన్నా.
వాడు నవ్వాడు. నేనూ నవ్వినట్టే ఉండా.

కిందిచెరువు క్లబ్బు కరీముల్లాది,
పంపుసెట్లు బాగుచేస్తాడు. వాళ్ల బోర్డు పచ్చది.
"వానొస్తే మీది నీళ్లు కిందికి రాక మబ్బుల్లోకి పోతాయా?
నీళ్లతో వచ్చిన చేప ఎవురిది?" అని
లస్కరు మస్తానయ్యని టీ బంకు కాడ నిలేశాడు.
మస్తానయ్య రెండు క్లబ్బుల టీ తాగతాడు.
ఏ గ్లాసుకీ జవాబు చెప్పడు.

అందుకని శ్రావణంలో సారు
బొచ్చె పిల్లల్ని వదలబోతా
ఒక్కోదాన్ని అరచేతిలో పెట్టుకొని, హాజరు వేసినట్టు,
తోక పైకొస గోళ్ల కత్తెరతో కత్తిరించాడు.
మూడొందలు దాటినాక బొటనవేలు బొబ్బెక్కి ఆపేశాడు.
ఇంక కోసిన తోకంటే మీదిచెరువు చేప.
కలుజుకి అడ్డంగా వల కట్టించాడు.
రాత్రికి తెగింది. కట్టాడు. తెగింది.
ఎండ్రకాయలు, అన్నాడు కరీముల్లా.
ఎండ్రకాయలకి కొడవలి ఎవుడిచ్చాడు, అన్నాడు సారు.
కేసు స్టేషను దాకా పోయింది.
"ఈ చేపల్ని తింటారా, అమ్ముకుంటారా?" అని ఎస్సై అడిగితే
"పట్టి మళ్లీ నీళ్లలో వదిలేస్తాం సార్"
ఇద్దరూ ఒక్కసారే అన్నారంట.
ఎస్సైకి అర్థం కాలా.
నాకూ కాలా.

మా ఆయన ఊత వేసే రోజుల్లో
ఈ చెరువుకి మీదీ కిందా లేదు, లోతూ మెరకా ఉండేది.
పట్టిన చేపని వదలడం ఆయనకి తెలవదు.
ఊత ఇప్పుడు చూరులో ఉండాది. పిచ్చుకలు కాపరం పెట్టినాయి.

కార్తీకంలో వాయుగుండం.
మూడు రాత్రులు కలుజు అరిచింది.
నాలుగోనాడు రెండు చెరువులకి నడాన రోడ్డు లేదు,
నీలం బోర్డు లేదు, పచ్చబోర్డు తాడిచెట్టుకి తగులుకొని ఉండాది.
వరి మళ్లలో బొచ్చెలు,
బస్టాండు ముందర గుంటలో ఒక కొర్రమీను.
దాన్ని ఎవురూ పెంచలా, ఎవురూ కత్తిరించలా,
అది మాత్రం దర్జాగా ఈదతా ఉండాది.

సారు పంట్లాం మోకాళ్లకి మడిచి మళ్లల్లో దిగాడు.
ఆ గట్టున కరీముల్లా గొడుగేసుకొని చూస్తా ఉండాడు.
ఒక్కో చేపా ఎత్తడం, తోక చూడ్డం, దించడం.
అన్ని తోకలూ నిండుగానే ఉండాయి.
"పోలమ్మా," అన్నాడు, గొంతు తగ్గించి,
"కోసిన తోక మళ్లీ మొలస్తాదా?"

చేప నా చేతికిచ్చాడు. రెండు కేజీలుంటాది.
తోక మీద బొటనవేలు జరిపా.
పైకొసన ఈనె సన్నగా వంకర పోయుండాది,
విరిగి అతుక్కున్న ఎముక మాదిరి.
కంటికి ఆనదు. వేలికి తెలస్తాది.

కరీముల్లా గొడుగు దించాడు.
సారు ఈల పట్టుకొని నిలబడ్డాడు.

"ఏమో సార్, తెలవడంలా" అన్నా.
"ఎవురిదో తెలవని చేప గదా,
నాకిచ్చెయ్యండి."

ఆ రాత్రి చింతపండు కాస్త ఎక్కువే పిసికి పులుసు పెట్టా.
తోకముక్క మనవడికేశా.
ఈనెలు తీసుకొని మెల్లిగా తినరా అని చెప్పా.