ఆరో గడి

హాంకాక్‌లో మంచు కిటికీ సగందాకా పేరుకుంది.
డాక్టర్ ప్రూయిట్ రాతలో
"దండ ఎముక. మెలిదిరిగి విరిగి, పక్కకి జరిగింది" అని ఉంది.
ఏ చెయ్యో లేదు.

చెయ్యి తెలియందే ఆరో గడి నిండదు.
చెప్పని చేతికీ ఒక అంకె ఉందిలెండి, మూడు.
అది వేస్తే బీమావాళ్లు తిప్పికొడతారు,
నాకూ మనసొప్పదు.
ఏదో ఒకవైపే కదా నొప్పి ఉండేది.

ప్రశ్న పంపాను. మూడు రోజులు ఉలుకూ పలుకూ లేదు.
ఈలోగా నర్సు రాసింది చదివాను:
ఓన్ని కెట్టునెన్, అరవై ఆరేళ్లు.
పడవ వాటా దగ్గర చెడి
పదకొండేళ్లుగా మాటల్లేని తమ్ముడు తౌనోతో
వంటింటి బల్ల మీద చేతి కుస్తీ.
ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైందట.
ఆసుపత్రికి తెచ్చిందీ తమ్ముడే.
ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారట, ఒకడు ఏడుస్తూ.
ఆ ఒకడెవరో ఆమె కూడా రాయలేదు.

కారణాల పట్టికంతా గాలించాను.
మంచు మీద జారితే ఉంది,
ఆవు తంతే ఉంది,
చిలుక కరిస్తే కూడా ఉంది.
"కుస్తీ" అని వేసి ఊరుకున్నాను.

నాలుగో రోజు జవాబొచ్చింది, ఒక్క మాట:
ఎడమ.
రెండు కొట్టాను. చివర ఎ,
మొదటి రాకకి.
అతుక్కుంటూ ఉంటే మళ్లీసారి డి అవుతుంది,
అతకనే అతక్కపోతే కె.

తెర ఆర్పాక చూసుకున్నాను,
నా కుడిచెయ్యి ఎంతసేపట్నుంచో
ఎడమ దండని పట్టుకుని ఉంది.