సీసాలో దూది

పలాస జీడి బట్టీల ఆడవాళ్ల వేళ్లకు
మొదటి పోటుకు సూది దిగదు.
పిక్కల నూనె తిని తిని నల్లబడ్డ చర్మం
నెత్తురును లోపలే దాచుకుంటుంది.
"ఆ ఏలు కాదు మేడమ్, ఇది సూడు" అని
చిటికెన వేలు ఇచ్చింది దాలమ్మ.
నాది కొత్త ఉద్యోగం. నా చెయ్యే ఎక్కువ వణికింది.

పట్టీ మీద రెండో గీత తేలేదాకా
ఇద్దరం కిటికీలోంచి
ఎవరో ఆరేసిన గోనెసంచుల వంక చూశాం.
"సెప్పీ" అంది.
చెప్పాను.
"ఐతే బిడ్డకి?" అంది, పొట్ట మీద చెయ్యేసుకుని.
తన గురించి ఆ రోజు ఒక్క మాటా అడగలేదు.

నా కొలువు ఏటా మార్చి ఆఖరున చచ్చిపోయి
ఏప్రిల్లో ఏదో ఒక తేదీన మళ్లీ పుట్టేది.
జీతం మాత్రం జూన్‌కి కళ్లు తెరిచేది.
సంచిలో కరపత్రాలు, సూదులు, ఓ కొయ్య నమూనా.
సోంపేట బస్సు హరిపురం మలుపు తిరిగితే
అది సీట్ల కింద దొర్లి దొర్లి
కండక్టరు కాలికి తగిలింది.
"ఎవరిదమ్మా ఈ రోకలి?"
నాదే అన్నాను. బస్సంతా నవ్వు.
ఆ నవ్వు ఆరకముందే
నిరోధ్ తొడిగి చూపించాను.
దిగేలోపు నలుగురు అడిగి తీసుకున్నారు,
కండక్టరు ఇద్దరి వాటా.

చదువు నేర్పనిది వాళ్లు నేర్పారు:
సీసా మీది కాగితం నానబెట్టి ఎలా ఊడదీయాలో,
ముప్పై మాత్రల మీద దూది కుక్కితే
నడకలో అవెలా మోగవో.
బియ్యం డబ్బాలో, వలల మూటలో,
అత్త ముట్టని ఉప్పుచేపల కుండలో
ఎన్ని సీసాలు నోరు మూసుకుని బతికాయో.

ఒక్కసారి తప్పు చేశాను.
కాశీబుగ్గ సంతలో సుగుణ కనిపిస్తే
"బాగున్నావా" అన్నాను.
పక్కన అత్తగారు. "ఎవలే ఆవిడ?"
సుగుణ చేతిలోంచి వంకాయలు జారాయి.
ఆ నెల సీసా బల్ల మీదే ఉండిపోయింది.
తర్వాతి నెలదీ.
ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. తలుపుకి తాళం.
రిజిస్టర్లో ఆ నంబరు దగ్గర
ఇప్పటికీ నా గీత వంకరే.

అప్పట్నుంచీ నేనెవరినీ ఎరగను.
పెళ్లిలో పప్పు వడ్డించేవాడు
వెరావల్ పడవల మీంచి ఎముకలై దిగినవాడు,
మొదటి లెక్క నలభై రెండు.
"ఇంకాస్త పప్పు" అంటాను, ముక్కూ మొహం తెలియనట్టు.
అతనూ నన్నెరగడు. గరిటె మాత్రం
నా ఆకు దగ్గర రెండుసార్లు వంగుతుంది.

తిత్లీ తుపాను మర్నాడు
కూలిన జీడిచెట్లు ఎక్కి దిగి, ఎక్కి దిగి
కొండ కింది ఊళ్లకి పదకొండు సీసాలు మోశాను.
ఏ ఇంటికీ కప్పు లేదు.
రహస్యానికి తల దాచుకునే చోటు లేదు.
బియ్యం పొట్లాల్లో పెట్టి పంచాను.

నిన్న పలాస స్టేషన్ దగ్గర షేర్ ఆటో ఎక్కాను.
పంతొమ్మిదేళ్లవాడు, గడ్డం ఇంకా దట్టపడలేదు.
అద్దానికి గవ్వల దండ ఊగుతోంది.
ఆ కింది పెదవి దాలమ్మది.
ఒళ్లు కడగకముందే, తొలి పాలకన్నా ముందే
ఆ పెదవి విడదీసి నాలుగు చుక్కలు పట్టాను.
పద్దెనిమిది నెలలకి పరీక్షిస్తే
రెండో గీత రాలేదు.
వాళ్లమ్మ ఏడవలేదు, నన్ను తిట్టింది,
"ఈ మాటకి ఇన్నాళ్లు ఆపినావేటి" అని.

"ఆస్పత్రిలో ఏటి పనమ్మా?" అన్నాడు.
"లెక్కలు రాస్తాను."
"మా అమ్మ కూడా నెలకోపాలి ఎల్తాది, బీపీ మాత్రలకి."
"అలాగా" అన్నాను.

చక్రం గుంతలో పడింది.
ఒళ్లోని సంచి గలగలమంది.
అద్దంలోంచి చూశాడు.
"ఏటమ్మా అది, మోగతంది?"

ఎవరిదో సీసాలో దూది పెట్టడం మరిచాను.

"చిల్లర" అన్నాను,
సంచిని రెండు చేతులా పొట్టకి అదుముకుని.