కారణం: ఇతరం

న్యూకాసిల్. నవంబరు. పదకొండున్నర.
కోస్ట్ రోడ్డు గీత ఉన్నట్టుండి ఎర్రబడింది.

తారు కింద పాతిన తీగచుట్ట
ఇనుము పైనుంచి పోయినప్పుడల్లా
ఒకటి, ఒకటి, ఒకటి అంటుంది.
దానికి లెక్క వచ్చు, మొహాలు తెలియవు.
ఫోన్లకు వేగం తెలుసు:
గంటకు పన్నెండు మైళ్లని ఒకే గొంతుతో చెబుతున్నాయి,
ఎందుకని అడిగితే నోరు విప్పవు.
కెమెరా నాలుగుకు సముద్రపు మంచు పట్టింది.
తెల్లటి చీకటి తప్ప ఏమీ చూపదు.

ఈ సాక్షులందర్నీ ఒక మాట మీదికి తేవడం నా కొలువు.
ఎవరి మాటకెంత విలువో ముందే అంకెలు వేసి పెట్టాం.
వాన పడితే కెమెరా పరపతి సగానికి పడిపోతుంది.
కళ్లారా చూసినవాడి మీద
చెప్పుడు మాట నెగ్గే రోజులూ ఉంటాయి ఇక్కడ.
ముప్పై సెకన్లకో తీర్పు.

రద్దీ, అంది తీర్పు. కారణం తెలియదు.
ప్రమాదమైతే పోలీసులు ఫోన్ చేసేవాళ్లు.
తవ్వకమైతే అనుమతి కాగితం ఉండేది.
మ్యాపు అప్పుడే కార్లను హీటన్ సందుల్లోకి తోలుతోంది,
బడి ముందునుంచి.

బస్సుల వరస తెరిచాను.

పదకొండు బస్సులు.
టైంటేబుల్లో లేవు. రూటు నంబర్లు లేవు.
ఏ స్టాపులోనూ ఆగడం లేదు,
ఒకదాని వెనక ఒకటి, ఎడం చెదరకుండా.
యంత్రం వాటిని తప్పుడు సమాచారమని
ఎప్పుడో ఏరి పారేసింది.

డిపోకి ఫోన్ చేస్తే గ్రేమ్ ఎత్తాడు.
"మా డోరీన్," అన్నాడు. ఆగాడు.
ముప్పై ఒక్క ఏళ్లు ఆ రోడ్డు మీదే నడిపిందట.
బడిసంచీ ఊపుకుంటూ ఎవరైనా పరిగెత్తుకొస్తుంటే
తలుపు మూయకుండా అర నిమిషం ఆగేదట.
ఆ అర నిమిషాలన్నీ మా దగ్గరున్నాయి,
ఆలస్యాల పద్దులో, ఎర్ర అక్షరాల్లో.

కారణాల పట్టీ పైనుంచి కిందికి వెతికాను.
కూలిన చెట్టు ఉంది, వరద ఉంది,
కట్టు తెంచుకున్న గుర్రం కూడా ఉంది.
చివరి ప్రయాణానికి అంకె లేదు.
"ఇతరం" నొక్కాను.

తర్వాత, వెనకబడ్డ బస్సులకిచ్చే పచ్చదీపం
తీరం దాకా ఉన్న ఏడు కూడళ్లకూ ఇచ్చాను.
నిబంధన ప్రకారం యంత్రం అడిగింది:
బస్సు ఎంత ఆలస్యం?

అర నిమిషం, అని రాశాను.

కెమెరా నాలుగు ఇంకా తెల్లగానే ఉంది.
తారు కింద తీగ
ఒకటి, అంది.
ఒకటి.
ఒకటి.