ఏడున్నర ఫారాలు

జనవరి. తార్తులో తొమ్మిదైతే గానీ తెల్లవారదు.
గడ్డకట్టిన నది మీద
ఎవరో సైకిల్ తోలుకుపోయిన గీత.
మూడో అంతస్తు గదిలో పంతొమ్మిది ల్యాప్‌టాప్‌లు,
తడి మేజోళ్ళ వాసన,
రాడియేటర్ మీద ఆరేసిన చేతితొడుగులు.

వీళ్ళంతా లెక్కల నుంచి పారిపోయి
మనసు దగ్గర తలదాచుకుందామని వచ్చినవాళ్ళు.
గుమ్మంలోనే నేను ఎదురయ్యాను.
"మనుషుల మాట వినడం నేర్చుకుందామని చేరాను, మారె,"
అంది లేలో, మొదటి రోజే.
నా దగ్గర జవాబు లేదు.
అందుకని సగటు చెప్పాను:
అందరి కొలతలూ తీసుకుని కుట్టి
ఎవరి ఒంటికీ పట్టని చొక్కా.
నవ్వారు. ఏటా ఇదే చోట నవ్వుతారు.

ఒంటరితనం మీద నాలుగు వందల పన్నెండు ఫారాలు.
సగం ఆస్పత్రివి. సగం ఊళ్ళోవి,
ఈతకొలను దగ్గర, రొట్టెల ఫ్యాక్టరీ గేటు దగ్గర నింపించినవి.
గత రెండు వారాల్లో ఎన్నిసార్లు అలా అనిపించింది?
సున్నా, ఒకటి, రెండు, మూడు.
రెండు వందల పన్నెండో మనిషి ఏ అంకే చుట్టలేదు.
కాగితం అంచున పెన్సిల్‌తో రాసింది:
"ఇది మా ఆయన్ని అడగాల్సింది. నవంబరు దాకా ఉన్నాడు."
ఫైల్లోకి ఎక్కేసరికి అది ఒట్టి ఖాళీ.
ఖాళీలున్న వరుసలు తీసేయమంటుంది పాఠం.
ఒక్క మీట.
ముప్ఫై ఏడుగురు లేచి వెళ్ళిపోయారు,
తలుపు చప్పుడైనా కాలేదు.
లెక్కపెట్టడానికీ లెక్కచేయడానికీ మధ్య
ఆ మీటంత దూరం ఉందని
చెబుదామనుకుంటుండగానే గంట కొట్టారు.

ఫిబ్రవరిలో యంత్రానికి నేర్పడం మొదలైంది.
తానెల్ మోడల్ ఎవరు రోగో, ఎవరు కాదో
నూటికి తొంభై ఏడుసార్లు సరిగ్గా చెప్పింది.
చప్పట్లు. క్రీమ్ బన్నులు తెచ్చి పంచాడు.
అందరి ముక్కుల మీదా చక్కెర పొడి.
లేలో బన్ను తినలేదు. తెర వంక చూస్తూ
"ఒంటరితనం గురించి
పొద్దున్న ఏడున్నరకి కూర్చుని రాసేదెవరు?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. కిటికీ అవతల
కాకులు మంచులో ఏదో పొడుస్తున్నాయి.

అప్పుడు చూశాం, గంటల కాలమ్.
మాత్రలతో పాటే ఫారమూ ఇచ్చేవారు నర్సులు.
యంత్రం దుఃఖాన్ని నేర్చుకోలేదు,
డ్యూటీ వేళలు నేర్చుకుంది.
ఏడున్నరకి మెలకువగా ఉన్నవాడల్లా రోగే దాని దృష్టిలో.
(నేను ఐదింటికే లేస్తాను. నా సంగతి అడగలేదు.)
ఆ కాలమ్ తీసేశాం.
అరవై ఒకటి.
బొమ్మా బొరుసూ వేసుకోవడం కన్నా కాస్త నయం.
"పోనీలే," అన్నాడు తానెల్, పెదవి మీద క్రీమ్ తుడుచుకుంటూ.
"ఇది నిజమైన అరవై ఒకటి," అన్నాను.
నా గొంతు నాకే అరువు తెచ్చుకున్నట్టుంది.

ఎందుకంటే ఆ ఫైలు నాది.
ఆరేళ్ళుగా ఇదే ఇస్తున్నాను.
తొంభై ఏడు తెచ్చిన ప్రతివాళ్ళకీ
నా చేత్తో నేనే మంచి మార్కులు వేశాను.
కాకిలెక్కలని పిల్లల్ని మందలించిన నోరే ఇది.
వాళ్ళలో ఒకడు, రైగో, చురుకైనవాడు,
ఇప్పుడు హెల్సింకీలో ఏదో ఆస్పత్రికి
మోడళ్ళు కడుతున్నాడట.

రాత్రి వాడికి ఉత్తరం మొదలుపెట్టాను.
మూడుసార్లు కొట్టేశాను. కడకు ఒక్క వాక్యం మిగిలింది:
"ఆ ఫైల్లో గంటల కాలమ్ గుర్తుందా?"

పంపాను.
పొద్దున్న టీ పెట్టుకుని చూస్తే జవాబు రాలేదు.
బయట ఇంకా చీకటే.
గోడ గడియారం ఏడూ ఇరవై ఎనిమిది.
రెండు వందల పన్నెండో ఫారం అసలు కాగితం
బల్ల సొరుగులో ఎక్కడో ఉండాలి.
వెతుకుతున్నాను.