పెన్సిలు చుక్క

ఒకటో తారీకున కొత్త మిషన్లు దిగుతాయి,
ఈలోపు పాత దారి గీసివ్వమన్నారు.
మూడు వారాలడిగితే నాలుగు రోజులిచ్చారు.

ఎగ్మూరులో, స్టేషను వెనక సందులో కంటి ఆసుపత్రి.
మేనేజరు గది గోడకి అప్పటికే ఒక పటం ఉంది,
పదకొండు గళ్లు, పది బాణాలు,
గాజు వెనక, ఎవరూ తొడగని ఇస్త్రీ చొక్కాలా.
ఆ పటంలో ఎవరికీ దాహం వెయ్యదు.
ఎవరూ కాగితం మరిచిపోయి వెనక్కి రారు.

పటాల్ని నమ్మడం మానేసి చాలా కాలమైంది.
ఒక ఫైలు వెంట పడ్డాను.

ఆ ఫైలు పెంచలమ్మది. గూడూరు నించి
తెల్లారుజాము బండికి వచ్చింది. కుడికంట్లో పొర.
"ఏంది అబ్బయా, నా ఎనకాలే తిరగతా ఉండావు?"
"నీ కాగితాలు ఎటు పోతాయో చూస్తున్నానవ్వా."
"తెలిస్తే నాకూ చెప్పు" అంది.

చీటీ కిటికీ. డబ్బు కిటికీ. మళ్లీ చీటీ కిటికీ,
చిల్లర లేదని.
మూడో అంతస్తు, అద్దాల పరీక్ష.
అక్కణ్ణించి రెండుకి దిగింది, నెత్తురు ఇవ్వలేదని.
గోడమీది పటంలో కిందకి దిగే బాణమే లేదు.
నా పుస్తకంలో మధ్యాహ్నానికి ముప్పై నాలుగు మెలికలు,
టీ కాక.

రికార్డుల బల్ల దగ్గర వసుమతి
ఫైలు అట్ట మూలన పెన్సిలుతో ఒక చుక్క పెట్టింది,
తలెత్తకుండా, ఆవులింత మధ్యలో.
ఏమిటది అనడిగాను.
"ఏది?" అంది.
పెట్టినట్టు నిజంగానే తెలియదు తనకి.
చెయ్యి ఎరిగిన పని నోటిదాకా రాదు.

మర్నాడు గుర్తు తెచ్చుకుని చెప్పింది.
తోడు లేకుండా వచ్చినవాళ్లకి ఆ చుక్క.
చుక్క ఉంటే కంట్లో చుక్కలు ఆఖర్న.
ముందే వేస్తే కంటిపాప విచ్చుకుని
నాలుగు గంటలు లోకమంతా తెల్లటి పొగ,
ఒంటరి మనిషి ఏ మెట్టుమీద నిలబడాలి?

ఎవరు చెయ్యమన్నారిలా?
"ఎవరూ అనలేదు. ఒకసారి ఒకాయన
మందు వేయించుకుని గేటు దాటి పోయాడు.
చీకటి పడ్డాక మూర్ మార్కెట్ దగ్గర దొరికాడు.
అప్పట్నించీ" అంది, ఇంకో ఫైలు అందుకుంటూ.

కొత్త మిషనుకి ఫైలు అక్కర్లేదు.
అట్ట లేదు. మూల లేదు.

రాత్రి లాడ్జిలో కాగితాలు పరుచుకున్నాను.
చుక్కని గీస్తే రేపు దానికో ఫారం పుడుతుంది,
ఫారానికో సంతకం, సంతకం పెట్టేవాడికో సెలవు.
గీయకపోతే చడీచప్పుడు లేకుండా పోతుంది,
పోయిందని కూడా తెలియదు
మూర్ మార్కెట్ దగ్గర ఇంకొకరు దొరికేదాకా.
గీశాను.

"ఈ గడికి ఎన్ని నిమిషాలు?" అన్నారు మేనేజరు.
"సున్నా."
"మరి గడెందుకు?"

నాలుగో రోజు లిఫ్టులో
ఏళుమలై పటం చూపించమన్నాడు.
ఇరవై రెండేళ్లుగా ఆ జాలీ తలుపు లాగుతున్నవాడు,
నెల్లూరు మనుషుల్ని మోసీ మోసీ తెలుగు అబ్బినవాడు.
ఎక్కిన ప్రతి ఒక్కర్నీ "తిన్నావా?" అంటాడు,
లేదంటే మూడు నొక్కడు, రెండు నొక్కుతాడు,
నెత్తురు ముందిచ్చేస్తే ఇడ్లీ తినచ్చని.
పెంచలమ్మ వచ్చిన రోజు అతను లేడు,
కూతురి బళ్లో మీటింగు.
అదీ ఆ కిందకి దిగిన బాణం.

"నేనెక్కడ సార్ ఇందులో?"

వెతికాను. నలభై ఒక్క గళ్లు.
ఏ గడిలోనూ లేడు.
అంతస్తుకీ అంతస్తుకీ మధ్య
నేను స్కేలుపెట్టి గీసిన నిలువు గీతమీద
వేలు ఆనించాడు.
"ఇదా?"

జాలీ తెరుచుకుంది. ఎవరో ముసలాయన ఎక్కాడు,
చేతిలో సంచీ, సంచీలో ఫ్లాస్కు.
"తిన్నావా?" అన్నాడు ఏళుమలై,
నావైపే చూస్తూ.

జేబులో రబ్బరు కోసం తడుముకున్నాను.