ఈ వైపు పైకి

రేణిగుంట గోడౌన్‌లో రాత్రి రెండింటికి ఫోను.
సముద్రానికి అవతల ఒక ఊరు
నిద్రలోనే కూలిపోయిందంట.
ఆ ఊరి పేరు రెండుసార్లు చెప్పించుకుని
అరచేతిలో రాసుకున్నాను, తప్పుల్తోనే.

తెల్లారేసరికి జాబితా వచ్చింది.
టార్పాలిన్లు నాలుగు వేలు, మూతలున్న బకెట్లు,
నీళ్ళలో వేసే మాత్రలు.
అడుగున గీత గీసి ఒక మాట:
పాత బట్టలు వద్దు.
గేటు దగ్గర మాత్రం అన్నీ పాత బట్టలే,
జరీ ఊడిన పట్టుచీర ఒకటి, స్కూలు టై ఒకటి.
వద్దనే మాట ఎంత మెత్తగా అన్నా
ఇచ్చే చెయ్యి చిన్నబోతుంది.

ఏడు గంటల బస్సులో పుత్తూరు నుంచి
చెంగల్రాయులు దిగినాడు.
చంకలో వెదురుబద్దల కట్ట,
చేతిలో ట్రే, ముప్పై కోడిగుడ్లు.
"ఎముకలు ఎన్ని ఇరిగినాయి మేడం?"
నా ఫారంలో ఆ గడి లేదు.
"ఆ దేశంలో కోళ్ళుంటాయా?
తెల్లసొన, ఆకుపసరు, గుడ్డపేలిక. అంతేనమ్మా కట్టు.
నన్ను లారీ ఎక్కించు, చాలు."
సర్టిఫికెట్ ఉందా అని అడిగినాను.
చేతులు రెండూ తిప్పి చూపించినాడు.

లారీ ఆయన్ని ఎక్కించుకోకుండానే చెన్నైకి పోయింది.
గుడ్లు హమాలీలు ఉడకేసుకున్నారు.
బద్దల కట్ట నా బల్ల కింద,
కాలికి తగులుతూ.

నాలుగో రోజు అక్కడినుంచి డాక్టర్ హేమావతి.
వాన చప్పుడు, జనరేటర్ చప్పుడు, మధ్యలో ఆమె.
ప్లాస్టర్ పొడి ఇంకా ఓడరేవులోనే ఉందంట,
ఒక ముద్ర కోసం.
"మీ అట్టపెట్టెలు చించి కట్లు కడుతున్నాం."
ఫోటో పంపింది.
ఎనిమిదేళ్ళ పిల్ల.
మోచేతి నుంచి మణికట్టు దాకా మా అట్ట.
దానిమీద స్టెన్సిల్ పెట్టి నేనే అద్దిన అక్షరాలు:
రేణిగుంట. ఈ వైపు పైకి.
బాణం గుర్తు ఆ పిల్ల వేళ్ళ వైపు చూస్తోంది.

ఆ పూట బకెట్లు మూడుసార్లు లెక్కపెట్టినాను.
మూడు లెక్కలు వచ్చినాయి.

పుత్తూరుకు ఫోన్ చేసి చెప్పినాను.
నిష్ఠూరమాడతాడనుకున్నా.
కాసేపు ఏమీ అనలేదు.
ఎవరిదో కాలు పట్టుకుని ఉన్నాడేమో,
వెనక ఒక మూలుగు వినపడింది.
"అట్టయినా పర్లేదు.
బిగువు చూసుకోమను.
వేలికొసలు వెచ్చగుండాయా, చల్లగుండాయా,
గంటకోసారి పట్టుకుని చూడమను.
ఇప్పుడే అడుగమ్మా.
నేను లైన్లోనే ఉంటా."